దండారీకి వెళ్లాలా, నాగోబా జాతరకా?

ఆదిలాబాద్ గోండుల పండుగ ఒక్కటే చూడగలిగితే నా ఓటు దీపావళి నాటి దండారీకే. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్రతో గుస్సాడీ నర్తకులు ఊరూరా అతిథులుగా వెళ్లి ఆడతారు. పనిలో పనిగా పెళ్లి సంబంధాలూ కుదురుతాయి! మర్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ నృత్యానికే.

నాగోబా జాతర పుష్య అమావాస్యకు, కేస్లాపూర్‌లో. గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలం తెచ్చి నాగదేవుడైన నాగోబాను పూజిస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ ముచ్చటేస్తుంది. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైన దర్బార్‌లో గిరిజనులు అధికారులకు సమస్యలు చెప్పుకుంటారు. కాకపోతే జనం విపరీతం. దండారీలో మనం కూడా అతిథులమే.