ఆర్‌వీ కొన్నారా? ఇంటి దగ్గర 30 ఆంప్ ప్లగ్ పెట్టించే ముందు ఇది చూడండి

అమెరికాలో కొత్తగా ఆర్‌వీ (లోపలే ఇల్లులా ఉండే బండి, మోటర్‌హోమ్) కొన్న మనవాళ్ళూ, కొందామనుకుంటున్నవాళ్ళూ కాస్త జాగ్రత్త. ఇంటి దగ్గర ఆర్‌వీకి 30 ఆంప్ సాకెట్ పెట్టించుకుంటే, అందులో 120 వోల్టులే వస్తున్నాయని మీటర్ పెట్టి చూసుకునేదాకా బండి కరెంటు కార్డ్ (తీగ) గుచ్చొద్దు. ఎలక్ట్రీషియన్‌కి లైసెన్స్ ఉంది కదా అని వదిలేయకండి, మాకు పెట్టినాయనకీ ఉంది.

మేం డల్లాస్ పక్కన ఉంటాం, సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నాం. డీలర్ "ఇంటి దగ్గర 30 ఆంప్ ప్లగ్ పెట్టించుకోండి, ఏ ఎలక్ట్రీషియనైనా చేసేస్తాడు" అన్నాడు తప్ప వోల్టేజ్ ఊసే ఎత్తలేదు. వచ్చినాయన 30 ఆంప్స్, మూడు పిన్నులు అనగానే పాతకాలం బట్టల డ్రయ్యర్ ప్లగ్ లాంటిదే అనుకుని ప్యానెల్లో డబుల్ పోల్ బ్రేకర్ (రెండు హాట్ వైర్లకి, అంటే రెండు ఫేజులకి, కలిపి వాడేది) బిగించి, సాకెట్లో న్యూట్రల్ ఉండాల్సిన చోట రెండో హాట్ వైర్ ఇచ్చేశాడు, అంటే 240 వోల్టులు. కార్డ్ పెట్టి బ్రేకర్ వేయగానే మైక్రోవేవ్ టప్‌మంది, కన్వర్టర్ (బయటి కరెంటుని 12 వోల్టులకి మార్చే పెట్టె) ఉన్న వైపు నుంచి కాలిన వాసన. లైట్లు మాత్రం ఏమీ పట్టనట్టు వెలుగుతూనే ఉన్నాయి, అవి 12 వోల్ట్ బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి, అందుకే లోపల కూర్చున్నవాళ్ళకి మొదట్లో ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు. కన్వర్టర్, మైక్రోవేవ్, ఫ్రిజ్ బోర్డు, మూడూ పోయాయి. వారంటీవాళ్ళని అడిగితే బయటి వైరింగ్ తప్పు మాకు సంబంధం లేదన్నారు, ఎలక్ట్రీషియన్ ఏమో 30 ఆంప్ అని మీరే కదా చెప్పారు అంటాడు. సాకెట్ మాత్రం ఫ్రీగా సరిచేసి వెళ్ళాడు, పెద్ద ఉపకారం.

అసలు సంగతేంటంటే ఆర్‌వీ 30 ఆంప్ సాకెట్‌కి టీటీ-30 అని వేరే పేరుంది. ఒక హాట్, ఒక న్యూట్రల్, ఒక గ్రౌండ్ (మన భాషలో ఫేజు, న్యూట్రల్, ఎర్త్), 120 వోల్టులు, మొత్తం 3600 వాట్లు. దానికి సింగిల్ పోల్ 30 ఆంప్ బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు కావాలి. ఎలక్ట్రీషియన్‌కి "30 ఆంప్" అని చెప్పి ఊరుకోకుండా "టీటీ-30, 120 వోల్ట్, సింగిల్ పోల్" అని మెసేజ్‌లో రాసి పంపండి, రేపు గొడవొస్తే చూపించడానికైనా ఉంటుంది. నాలుగు పిన్నుల 50 ఆంప్ బండి అయితే లెక్క వేరు, దానికి రెండు హాట్‌లు, ఒక్కోటీ న్యూట్రల్‌తో 120, రెండిటి మధ్య 240, అక్కడ డబుల్ పోల్ బ్రేకరే కరెక్ట్.

మీటర్ పెట్టేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. మన ఊళ్ళో 230కి అలవాటు పడ్డ ప్రాణం కదా, మీటర్లో 240 కనపడితే "బానే ఉందిగా" అనిపిస్తుంది. పైగా హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్యే చూస్తే తప్పు వైరింగ్‌లో కూడా 120 చూపిస్తుంది. అందుకని మూడూ చూడాలి: హాట్-న్యూట్రల్ 120, హాట్-గ్రౌండ్ 120, న్యూట్రల్-గ్రౌండ్ సున్నా లేదా దాని దగ్గర్లో. మీటర్ పట్టడం రాకపోతే తెలిసినవాళ్ళని పిలవండి, లైవ్ సాకెట్‌తో ప్రయోగాలొద్దు.

డీలర్ "సర్జ్ ప్రొటెక్టర్ ఫ్రీ" అంటే మురిసిపోకండి. మాకిచ్చింది మామూలు రకం, పిడుగుపాటు లాంటి క్షణకాలం స్పైక్‌లని ఆపుతుందేమో గానీ నిలకడగా 240 వస్తుంటే చూస్తూ కూర్చుంటుంది. కావాల్సింది ఈఎంఎస్ అనే రకం, అది ముందు లైన్ చెక్ చేసుకుని, వోల్టేజ్ మరీ ఎక్కువైనా తక్కువైనా, గ్రౌండ్ లేకపోయినా, వైర్లు తారుమారైనా కరెంటు లోపలికి పోనివ్వదు. రేటు ఎక్కువే, కానీ ఒక్క ఫ్రిజ్ బోర్డు మార్పించిన బిల్లు చూశాక నాకైతే చవకే అనిపించింది.

క్యాంప్‌గ్రౌండ్‌లో కూడా పెడెస్టల్ (బండి పక్కన సాకెట్లుండే కరెంటు స్తంభం) బ్రేకర్ ఆఫ్ చేశాకే కార్డ్ పెట్టండి, తీసేటప్పుడూ అంతే. సాకెట్ నల్లగా మాడినట్టో, వదులుగానో ఉంటే సైటు మార్చమనండి, మొహమాటం వద్దు. తడి నేల మీద నిలబడి బండి డోర్ హ్యాండిల్ పట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా సరే తేలిగ్గా తీసుకోవద్దు, గ్రౌండ్ తెగి బాడీకి కరెంటు వస్తోందని అర్థం, పిల్లల్ని దూరంగా ఉంచి పెడెస్టల్ దగ్గర బ్రేకర్ దించేయండి. ఇంట్లో లాన్‌కి వాడే సన్న ఎక్స్‌టెన్షన్ కార్డ్ మీద ఏసీ నడపడం కూడా డేంజరే, కార్డ్ చేత్తో పట్టుకుంటే వేడి తెలుస్తుంది, ప్లగ్ కరిగిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇంకా కొననివాళ్ళకి ఒక మాట, డబ్బు కట్టకముందే బండిని వాళ్ళ లాట్‌లోనే కరెంటుకి కలిపించి ఏసీ, మైక్రోవేవ్, కరెంటు మీద ఫ్రిజ్ మీ కళ్ళ ముందు ఓ అరగంట నడిపించమనండి. జెనరేటర్ మీద చూపిస్తాం అంటే అదీ చూడండి, కానీ కార్డ్ పెట్టి కూడా చూపించాల్సిందే.