ఇంటికాడ ఓటు సర్వీస్: మా నాయినమ్మ మూడు ఎలక్షన్ల అనుభవం

మాది మర్రిగూడ మండలం, మునుగోడు నియోజకవర్గం. మా నాయినమ్మకు 2023ల 82 ఏండ్లు. ఎనకట బోరు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయినయి, నడుము లేవదు, మా దిక్కు ఫ్లోరైడ్ సంగతి తెల్వని ఇల్లు లేదు కాబట్టి ఎక్కువ చెప్పను. కానీ ఓటు అంటే మాత్రం ఆమె ఆగదు. 2022 నవంబర్ 3న ఉప ఎన్నిక అయినప్పుడు, అప్పటి మా కాంగ్రెస్ ఎమ్మెల్యే రాజగోపాల్ రెడ్డి గారు రాజీనామా చేసి బీజేపీ నుంచి నిలబడ్డరు కదా, 47 మంది పోటీ, అప్పుడు ట్రాలీ ఆటోల బొంత ఏసి తీస్కపోయి నేను మా చిన్నాయిన చెరో దిక్కు పట్టి బూతు లోపలికి ఎత్తుకపోయినం, అచ్చినంక రెండు దినాలు ఒళ్లు నొప్పులతోని మంచం దిగలె. టీఆర్ఎస్ 10,309 ఓట్లతోని గెలిచింది, అది టీవీల చూసుకుంట కూడా మూలుగుతనే ఉన్నది.

అందుకే 2023 అసెంబ్లీ ఎలక్షన్లకు బీఎల్ఓ (మా బూతు ఓటర్ల లిస్టు చూసే ఆఫీసరు) మేడం ఇంటికొచ్చి 80 దాటినోళ్లు ఇంటికాడనే ఓటెయ్యొచ్చు, ఫారం 12డి నింపాలె అన్నప్పుడు నేను ఎంటనే పట్టుకున్న. నోటిఫికేషన్ ఇచ్చిన 5 రోజుల లోపల ఇయ్యాలె, ఇదొక్కటి యాదుంచుకోండ్రి, మా వాడల ఒక ముసలాయనకు ఎవరో టైం చాన ఉంది అని చెప్తే ఆగిండు, పోయింది. ఇంకోటి, 12డి ఒప్పుకున్నంక మళ్ల బూతుకాడికి పోతానంటే కుదరదు, ఇది కూడా ముందే తెల్సుకొని ఇయ్యాలె.

పోలింగుకు కొన్ని దినాల ముందు టీం వచ్చింది. పొద్దుగాల పది అయితుండె. ఇద్దరు ఆఫీసర్లు, ఒక పోలీసు, వీడియో తీసే పిల్లగాడు. మా ఇంట్ల ముందర ఒకటే అర్ర, అందర్ని బయట అరుగు మీదికి పంపి నాయినమ్మ మంచం కాడ ఒక అట్టపెట్టె అడ్డం పెట్టిండ్రు, నాకు అదే బాగా నచ్చింది, పేదోళ్ల ఇల్లు చిన్నగ ఉంటది అని ఊరికే వదిలెయ్యలే. ఆమె "మిషిన్ ఏది బిడ్డా, పీ అని మోగేది" అని అడిగితే ఆ సారు ఓపికతోని "మిషిన్ ఉండదు అవ్వా, కాయిదం మీద గుర్తు పెట్టుడే" అని చెప్పిండు. చేతులు వణుకుతయి, తోడు ఉండొచ్చు అన్నరు, నేను కూసున్న, ఎవలకు ఏసిందో బయట చెప్పనని మాట ఇచ్చిన, ఇయ్యాల్టి దాక మా నాయినకు కూడా చెప్పలే. బ్యాలెట్ చిన్న కవర్ల పెట్టి అంటిపెట్టి, డిక్లరేషన్ మీద ఏలిముద్ర ఏపిచ్చి, రెండు కలిపి పెద్ద కవర్ల పెట్టి డబ్బల ఏపిచ్చిండ్రు. మొత్తం ఇరవై నిమిషాలు కూడ పట్టలే. పోయేటప్పుడు ఆ మేడం నాయినమ్మ కాళ్ల దిక్కు చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

నవంబర్ 30న ఊరంతా బూతుకాడికి పోయింది, మా నియోజకవర్గంల పోలింగ్ 91 శాతం దాటింది, రాష్ట్రం మొత్తం 71 శాతమే, అంటే మా దిక్కు ఓటు ఎంత గట్టిగ పట్టుకుంటరో సూడుండ్రి. డిసెంబర్ 3 పొద్దుగాల ఎనిమిదికి కౌంటింగ్ మొదలు, ఫస్టు పోస్టల్ బ్యాలెట్లే తీస్తరు కాబట్టి ఈ ఇంటికాడి ఓట్లు కూడ అందులనే. నేను టీవీ పెట్టి "నాయినమ్మా, ఊళ్లె అందరికంటె ముందు నీ ఓటే లెక్కపెడుతుండ్రు" అంటే ఆమె లేచి గోడకు ఒరిగి కూసున్నది, మధ్యాహ్నం దాక తిండి మాటే ఎత్తలే. ఆ దినం ఫలితం అందరికి ఎరుకే. 119 సీట్లల్ల కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ (ఎనకటి టీఆర్ఎస్సే, పేరు మారింది) 39, అదే పార్టీకి 2018ల 88. ఉమ్మడి నల్లగొండల 12కు 11 కాంగ్రెస్, ఒక్క సూర్యాపేట మిగిలింది. మునుగోడుల మళ్ల కాంగ్రెస్ కండువా కప్పుకున్న రాజగోపాల్ రెడ్డి గారే గెలిచిండ్రు. పదేండ్ల సర్కారు దిగిపోయింది, పాలమూరు దిక్కు కొడంగల్ నుంచి గెలిచిన రేవంత్ రెడ్డి గారు సీఎం అయిండ్రు. నాయినమ్మ ఏసిన పార్టీ గెలిచిందా ఓడిందా అన్నది నేను చెప్పను గని, అంత పెద్ద మార్పుల తన కాయిదం కూడ ఒకటి ఉన్నదని ఆమెకు తెల్సు, మంచంల ఉన్న మనిషికి అది చిన్న ముచ్చట కాదు.

ఇగ నాకు కోపం వచ్చిన కాడికి వస్త. 2024 మార్చిల రూలు మార్చి వయసు 85 చేసిండ్రు. 80 దాటినోళ్లల్ల ఎక్కువ మంది బూతుకే పోతుండ్రు అన్నది వాళ్ల లెక్క, నిజమే కావొచ్చు, నడవగలిగినోళ్లు పోతరు, కానీ ఈ సర్వీసు పెట్టింది నడవలేనోళ్ల కోసం కదా. ఇంకో దారి 40 శాతం వైకల్యం ఉన్న సదరం సర్టిఫికెట్, ఆమె మోకాళ్లు చూస్తే 40 శాతం ఏంది, ఇంకా ఎక్కువే అనిపిస్తది ఎవలకైన, కానీ ఆ టైంకు మాకు సర్టిఫికెట్ లేదు, స్లాటు కోసం ఒక కాడికి మూడు సార్లు తిప్పిచ్చిండ్రు. మే 13న లోక్‌సభ ఎలక్షన్లకు మళ్ల అదే ట్రాలీ ఆటో, అదే బొంత. బూతు కాడ ర్యాంపు ఉన్నది, వీల్‌చైర్ కూడ ఉన్నది కానీ ఒక చక్రానికి గాలి లేదు, లాగేటోళ్లు లేరు, ఎండ మండిపోతున్నది. ఆ ఎలక్షన్ల కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ 1, బీఆర్ఎస్ కు ఒక్కటి కూడ రాలే, మా భువనగిరి సీటు కాంగ్రెస్ గెలిచింది. నాయినమ్మ మాత్రం ఈసారి టీవీ చూడలే, పండుకునే ఉన్నది.

ఇంటికొచ్చిన ఆ టీంకు నేను ఐదుకు ఐదు ఇస్త. 85 రూలుకు ఒకటి కూడ ఇయ్య. మీ ఇంట్ల 80 దాటి మంచంల ఉన్నోళ్లుంటే ఎలక్షన్లు వచ్చేదాక ఆగకుండ ఇప్పుడే వైకల్యం సర్టిఫికెట్ చేపిచ్చుండ్రి, మేము కింద మీద పడి చేపిచ్చినం, ఆధార్, ఓటరు కార్డు ఉన్న రేకు డబ్బలనే పెట్టుకున్నది ఆమె. అప్పుడప్పుడు అడుగుతది, "కొడుకా, ఆ ఓటు డబ్బ పట్టుకొని వాళ్లు మళ్ల ఎప్పుడొస్తరు" అని.