ఎమీ వైన్‌హౌస్ ‘ఫ్రాంక్’ వెంట లండన్‌లో మూడు రోజులు

బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ కోసం లండన్ వెళ్లేవాళ్లంతా నేరుగా ఆమె ఆఖర్న ఉన్న కామ్డెన్ పేటకే పోతారు. మేమూ మొదట అదే చేశాం. అక్టోబరులో మూడు రోజులు సెలవు కలిసొస్తే నేనూ, మా చెల్లీ బర్మింగ్‌హామ్‌లో రైలెక్కి యూస్టన్‌లో దిగాం. మా ఇద్దరికీ ఆమె రెండో ఆల్బమ్ కంటే మొదటిదే ప్రాణం. 2003 అక్టోబరు 20న వచ్చిన ‘ఫ్రాంక్’. అప్పటికి ఆమెకి నిండా 20 ఏళ్లు.

కామ్డెన్‌లో గది తీసుకోవడం మా పొరపాటు. రాత్రికి 128 పౌండ్లు కట్టాం. ఫోటోల్లో ఎండ పడుతున్న గది, మాకిచ్చింది నేల కింద గది. కిటికీ తీస్తే గోడ. లిఫ్ట్ ఉందని రాశారు, లేదు. రాత్రి రెండింటిదాకా వీధిలో కేకలు. పొద్దున అడిగితే రిసెప్షన్‌లో అబ్బాయి సారీ చెప్పాడు గానీ గది మార్చలేదు. సంగీతం వినే చోటు వేరు, నిద్రపోయే చోటు వేరుగా ఉండాలని ఆ రాత్రి అర్థమైంది.

స్టేబుల్స్ మార్కెట్‌లో ఆమె కంచు విగ్రహం ఉంది. స్కాట్ ఈటన్ చేశాడు, 2014లో ఆమె పుట్టినరోజు సెప్టెంబరు 14న ఆవిష్కరించారు. నిలువెత్తు విగ్రహం, నడుం మీద చెయ్యి, ఎత్తుగా కట్టిన జుట్టు. ఎవరో మణికట్టుకి రంగు దారాలు కట్టారు, తడిసి రంగు కారుతున్నాయి. చూడగానే గొంతు పట్టేసింది. కానీ చెల్లి అన్న మాట నిజం: “అక్కా, ఈ జుట్టు తర్వాతి పాటలది. మన అమ్మాయి ఇక్కడ లేదు.” కామ్డెన్ స్క్వేర్‌లో ఆమె ఆఖరి ఇంటి ఎదుటి చెట్ల దగ్గర పూలు, ఉత్తరాలు పెడుతుంటారు. ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. దయచేసి గేటు ముందు సెల్ఫీలు వద్దు.

భోజనానికి యూస్టన్ పక్కనే డ్రమండ్ స్ట్రీట్ ఉంది. మన శాకాహార హోటళ్లు వరసగా ఉంటాయి. మార్కెట్‌లో ఇద్దరికీ అయిన ఖర్చులో సగానికే కడుపు నిండింది.

రెండో రోజు సౌత్‌గేట్ వెళ్లాం, పికడిల్లీ మెట్రో లైన్‌లో. ఆమె పెరిగిన ఊరు. ఎవరూ పెద్దగా వెళ్లరు, అందుకే నాకు ఎక్కువ నచ్చింది. చార్లెస్ హోల్డెన్ కట్టిన స్టేషన్ 1933 నాటిది. గుండ్రటి గొడుగు విప్పి పైన కలశం పెట్టినట్టుంటుంది. ఎస్కలేటర్ మధ్యలో కంచు దీపస్తంభాలు వరసగా వెలుగుతుంటాయి. బయట బేకరీ, మందుల షాపు, బడి నుంచి వచ్చే పిల్లలు. ఆమె అమ్మ ఫార్మసిస్టు, నాన్న తర్వాత్తర్వాత టాక్సీ నడిపాడు. నాయనమ్మ సింథియా కూడా ఒకప్పుడు పాడేది. ఇంట్లో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాటలు మోగుతుండేవి. ఆల్బమ్ పేరులో ఆ సినాట్రా ఉన్నాడు, ఇంగ్లీషులో ‘ఫ్రాంక్’ అంటే ఉన్నట్టు, మొహమాటం లేకుండా మాట్లాడే ఆమె అలవాటూ ఉంది.

పదేళ్లకే స్నేహితురాలితో కలిసి ర్యాప్ జట్టు కట్టిందామె. ‘స్వీట్ ఎన్ సోర్’ అని పేరు పెట్టుకున్నారు. 2000లో నేషనల్ యూత్ జాజ్ ఆర్కెస్ట్రాతో పాడింది. స్నేహితుడు, గాయకుడు టైలర్ జేమ్స్ ఆమె డెమో టేపుని రికార్డు కంపెనీ మనిషికి అందించాడు. తర్వాత ఐలాండ్ రికార్డ్స్‌తో ఒప్పందం. ‘ఫ్రాంక్’లో చాలా పాటలకు సలాం రెమీ, ‘కమిషనర్ గోర్డన్’ అని పిలిచే ఇంకొకతను నిర్మాతలు. అందుకే ఒక పాట హిప్‌హాప్ దరువుతో నడిస్తే, మరోటి పాత జాజ్ బాణీ పట్టుకుంటుంది. ‘స్ట్రాంగర్ దాన్ మీ’కి 2004లో పాటల రచయితలకిచ్చే ఐవర్ నొవెల్లో అవార్డు వచ్చింది, ఆల్బమ్ ఏటా ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకి చేరింది. కంపెనీ తన మాట పూర్తిగా విననందుకు ఆమెకి ఈ ఆల్బమ్ మీద అసంతృప్తి ఉండేది. నాకు మాత్రం వంక పెట్టాలనిపించదు.

ఆ రాత్రి అక్కడే ఒక గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. 84 పౌండ్లు, పొద్దున టిఫిన్‌తో కలిపి. మంచం కొంచెం ఇరుకు. కానీ తడిసి వచ్చిన మా కోట్లు చూసి, ఇంటావిడ అడక్కుండానే తీసుకెళ్లి హీటర్ మీద ఆరబెట్టింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇటువైపే చూసుకోండి. హీత్రో నుంచి కూడా రైలు మారక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మెట్రో స్టేషన్ గేటు దగ్గర లోపలికి ఏ కార్డు తాకిస్తే బయటికీ అదే తాకించాలి. చెల్లి లోపలికి ఫోన్, బయటికి కార్డు వాడింది. రెండింటి మీదా గరిష్ఠ చార్జీ పడింది.

ఆఖరి సాయంత్రం సోహోలోని రానీ స్కాట్స్ అనే జాజ్ క్లబ్బుకి వెళ్లాలనుకున్నాం. టిక్కెట్లు అయిపోయాయి, ముందే బుక్ చేసుకోండి. ఎమీ నాయనమ్మ సింథియా ఒకప్పుడు ఆ క్లబ్బు పెట్టిన రానీ స్కాట్‌కి ప్రియురాలని వాళ్లింట్లో చెప్పుకునేవారు.

దాని బదులు తూర్పు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ వీధుల్లో నడిచాం. ‘ఫ్రాంక్’ అట్ట మీది ఫోటో ఆ వీధుల్లోనే తీశారు, చార్లెస్ మోరియార్టీ. విరబోసుకున్న జుట్టు, చేతిలో కుక్క తాడు, నోరారా నవ్వు. పాత ఇటుక ఇళ్లు, రంగు వెలిసిన తలుపులు, ఒక సందు మలుపు తిరిగితే బ్రిక్ లేన్ బిర్యానీ వాసన. అక్టోబరులో ఆరింటికల్లా చీకటి పడుతుంది, ఐదింటికే చేరుకోండి. చెల్లి అట్ట ఫోటో ఫోన్‌లో పెట్టుకుని ఒక్కో తలుపూ పోల్చి చూస్తూ నడిచింది. నేను చెవిలో ‘ఫ్రాంక్’లోని ‘అక్టోబర్ సాంగ్’ పెట్టుకున్నాను. చనిపోయిన తన పిట్ట ఏవా కోసం ఎమీ రాసుకున్న పాట. వీధి దీపాలు వెలిగేదాకా మేం అక్కడే తిరిగాం.