పొగ ఆపడం మేలా, వైద్యానికి పెట్టడం మేలా?

దేశం ఎదిగేకొద్దీ ఖజానా పెరుగుతుంది, పొగా పెరుగుతుంది. కరెంటులో నూటికి 70 వంతులకు పైగా బొగ్గు నుంచే తీస్తున్న మనకు ఈ రెండూ మరీ జంటగా నడుస్తాయి. ఆ ఖజానా సొమ్మును జబ్బు చేశాక వైద్యానికి పెట్టాలా, పొగగొట్టం దగ్గరే పెట్టాలా?

వైద్యం దారి మనకు బాగా తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్ని ఇళ్లను అప్పుల నుంచి కాపాడిందో వేరే చెప్పనక్కర్లేదు. దేశమంతటి లెక్క చూసినా, ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2013-14లో జీడీపీలో 1.15 శాతం ఉంటే 2021-22లో 1.84 శాతమైంది (కోవిడ్ కాలపు లెక్క అని మరవకూడదు). మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పోయే వాటా 64.2 శాతం నుంచి 39.4 శాతానికి దిగింది. ఆదాయం పెరగని దేశానికి ఇది చేతనయ్యేది కాదు.

అయితే ఆస్పత్రి బిల్లు కూడా జీడీపీలో కలుస్తుంది. ఆయాసంతో చేరిన పిల్లవాడి బిల్లు వృద్ధి కింద జమ. అసలు జబ్బే పడని పిల్లవాడు ఏ పద్దులోనూ ఉండడు. అమెరికా జీడీపీలో సుమారు 17 శాతం వైద్యానికే పోస్తోంది. ఏడు శాతం చుట్టూ ఖర్చు పెడుతూ, తలసరి కార్బన్ అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ వదిలే కోస్టారికాలో సగటు ఆయుర్దాయం అమెరికా కంటే కాస్త ఎక్కువే. దీనికి పొగ ఒక్కటే కారణం కాదు గానీ, ఖర్చు పెరిగితే ఆరోగ్యం పెరిగినట్టు కాదని మాత్రం తేలుతోంది.

ఇక పొగగొట్టం సంగతి. థర్మల్ కేంద్రాలు వదిలే గంధక వాయువుకు కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో హద్దు పెట్టి, రెండేళ్ల గడువిచ్చింది. గడువులు జరుగుతూ పోయాయి. చివరికి 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకు మినహాయింపే దక్కింది. వడపోత యంత్రం పెడితే కరెంటు ధర పెరుగుతుందన్నది ఒక సాకు. పెట్టకపోతే పెరిగే మందుల బిల్లు ఆ ధరలో కనిపించదు మరి! నిజానికి ఆ యంత్రం గంధకాన్నే పడుతుంది, కార్బన్‌ను పట్టదు. రెండూ తగ్గాలంటే బొగ్గు కాల్చడమే తగ్గాలి.

నా ఓటు పొగ ఆపడానికే. కానీ దాని ఫలం అందడానికి ఏళ్లు పడుతుంది. థర్మల్ కేంద్రం పక్క ఊళ్లో ఇప్పటికే ఆయాసపడుతున్న వాళ్లకు ఆరోగ్యశ్రీ కార్డు ఈరోజే కావాలి, అందులో కోత పెట్టి యంత్రాలు కొనమనను. ఆ యంత్రాల ఖర్చును విద్యుత్ పద్దులోంచి తీసి ఆరోగ్య పద్దులో రాయమంటాను.