షోల్డర్ ఐ బోల్టా, స్వివెల్ హాయిస్ట్ రింగా?

బరువును నిలువుగా పైకి లేపడమే పనైతే షోల్డర్ ఐ బోల్ట్ (పైన కన్ను, దాని కింద షోల్డర్ అనే వెడల్పు అంచు ఉన్న బోల్ట్) చాలు, చవక కూడా. కానీ రెండు స్లింగులు (బరువును హుక్కుకి తగిలించే తాళ్లు లేదా గొలుసులు) వేసి ఏటవాలుగా లాగితే లెక్క మారిపోతుంది: 45 డిగ్రీల దగ్గర దాని సామర్థ్యం సుమారు 30 శాతానికి పడిపోతుంది, అంటే 1 టన్ను బోల్ట్ మోసేది దాదాపు 300 కిలోలే. అది కూడా షోల్డర్ కింద సందు లేకుండా ఆని, కన్ను స్లింగు వైపుకే ఉంటేనే. అడ్డం తిరిగి ఉంటే బోల్ట్ వంగిపోతుంది. బిగించాక కన్ను అలా అడ్డంగా ఆగితే, షోల్డర్ కింద పల్చటి షిమ్ (లోహపు బిళ్ల) వేసి సరిచేయండి, వెనక్కి తిప్పి వదులు చేయొద్దు.

స్వివెల్ హాయిస్ట్ రింగ్ (బోల్ట్ మీద తిరిగే కడియం) లాగుడు వైపుకి తనే తిరుగుతుంది, ఏ కోణంలోనైనా పూర్తి రేటింగ్ ఇస్తుంది. ఖరీదెక్కువే, టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగించామో చూపే పానాతో) తయారీదారు చెప్పినంత బిగించాలి, కోణంతో స్లింగులో పెరిగే టెన్షన్ కూడా లెక్కేసుకోవాలి. అయినా ఏటవాలు లాగుడుకి నేనైతే దీన్నే వాడమంటాను.