జాన్ హోప్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ: పరిశోధనకు దిగేవాళ్లు ముందుగా చదవాల్సిన పుస్తకం

చరిత్రలో పీజీ చేస్తున్నవాళ్లు, పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకుంటున్నవాళ్లు నల్లజాతి అమెరికన్ చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ ‘మిర్రర్ టు అమెరికా’ కొనుక్కోండి. 2005లో వచ్చిన పుస్తకం, దాదాపు 400 పేజీలు. నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సిన పని లేనంత తేటగా ఉంటుంది ఇంగ్లిష్. నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను. అమెరికా పౌరహక్కుల ఉద్యమం అనగానే పిల్లలకు మార్టిన్ లూథర్ కింగ్ ఒక్కరే గుర్తుకొస్తారు. ఆ ఉద్యమం కోర్టులో నిలబడడానికి కావలసిన ఆధారాలను పాత కాగితాల్లోంచి వెతికి తీసినవాళ్లూ ఉన్నారు. ఫ్రాంక్లిన్ వాళ్లలో ఒకరు.

ఆయన 1915లో ఓక్లహోమాలోని రెంటీస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆరేళ్లప్పుడు తల్లితో, అక్కతో కలిసి తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చున్నందుకు బండి ఆపి ముగ్గురినీ దారిలోనే దింపేశారు. తండ్రి న్యాయవాది. కుటుంబాన్ని తర్వాత పిలిపించుకుందామని ముందుగా టల్సా నగరానికి వెళ్లారు. 1921లో తెల్లవాళ్ల మూకలు అక్కడ నల్లవాళ్లుండే గ్రీన్‌వుడ్ పేటను తగలబెట్టాయి. ఆ తండ్రి గుడారంలో కూర్చుని కేసులు చూశారు, నల్లవాళ్లు తమ ఇళ్లు మళ్లీ కట్టుకోకుండా నగరపాలకులు తెచ్చిన నిబంధనను కోర్టులో కొట్టివేయించారు. కుటుంబం ఆయన్ను చేరుకునేసరికి 1925 వచ్చింది. ఈ అధ్యాయాలను గబగబా తిప్పేయకండి. తర్వాత ఆ కొడుకు ప్రతి మాటకూ కాగితం చూపించే మనిషి ఎందుకయ్యాడో ఇక్కడే తెలుస్తుంది.

ఫ్రాంక్లిన్‌కు తండ్రిలాగే న్యాయవాది కావాలని ఉండేది. ఫిస్క్ విశ్వవిద్యాలయంలో థియొడోర్ కరియర్ అనే తెల్ల ప్రొఫెసర్ ఆయన్ను చరిత్ర వైపు తిప్పారు. హార్వర్డ్‌లో సీటు వచ్చినా డబ్బు లేదు. ఆ గురువు తన పేరు మీద 500 డాలర్లు అప్పు తెచ్చి శిష్యుణ్ణి పంపారు.

నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి 1939 నాటి పేజీలు. బానిసత్వం రద్దు కాకముందే ఉత్తర కరోలినాలో స్వేచ్ఛగా బతికిన నల్లవాళ్ల మీద ఆయన పరిశోధన. అందుకోసం రాలీ నగరంలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, అంటే పాత కాగితాలు భద్రపరిచే చోటికి వెళ్లారు. నల్లవాడు ఇక్కడికి పరిశోధనకు వస్తాడని ఈ భవనం కట్టినవాళ్లు అనుకోలేదని అక్కడి అధికారి చెప్పారు. ఏర్పాట్లకు వారం గడువు అడిగారు. ఫ్రాంక్లిన్ నమ్మలేనట్టు మౌనంగా ఉండిపోతే, ఆ అధికారే దాన్ని సగానికి తగ్గించారు. ఒక చిన్న గది ఖాళీ చేయించి బల్ల వేశారు. తెల్ల సిబ్బంది ఆయనకు కాగితాలు మోసి ఇవ్వకూడదు కాబట్టి, రాతప్రతులుండే గదుల తాళంచెవి ఆయన చేతికే ఇచ్చేశారు! ఆయన బండి తోసుకుంటూ లోపలికి వెళ్లి కావలసినవన్నీ తెచ్చుకునేవారు. రెండు వారాలకల్లా తెల్ల పరిశోధకులు ఫిర్యాదు చేశారు, తమకూ తాళంచెవులు కావాలని. చేసేది లేక ఆ తాళంచెవి వెనక్కి తీసుకుని, సిబ్బందే ఆయనకూ కాగితాలు తెచ్చివ్వాలన్నారు.

తార్నాకలోని ఆర్కైవ్స్‌లో స్లిప్పు రాసిచ్చి, కట్ట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాళ్లకు ఆ తాళంచెవి విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, “మేడం, మా అమ్మ చిన్నప్పుడు మా ఊరి టీకొట్టులో రెండు గ్లాసులుండేవట” అంది. ఆ రోజు మిగతా పాఠం దాని మీదే నడిచింది.

నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు బడులు ఉండడం మీద నల్లజాతి న్యాయవాది థర్గుడ్ మార్షల్ బృందం కోర్టులో పోరాడింది. 1953లో ఆ బృందానికి ఫ్రాంక్లిన్ చేసిన సాయం మరో గొప్ప భాగం. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చిన అమెరికా రాజ్యాంగ పద్నాలుగో సవరణ తెచ్చినవాళ్ల ఉద్దేశం ఏమిటో చెప్పమని సుప్రీంకోర్టు అడిగింది. దానికి జవాబు చట్టం పుస్తకాల్లో దొరకదు, చరిత్రకారులే వెతకాలి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన న్యూయార్క్ వెళ్లి ఆ బృందంతో కూర్చున్నారు. 1954 మేలో వచ్చిన తీర్పు బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఇంత చేసిన మనిషికి, 1956లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీ చరిత్ర విభాగాధిపతి అయ్యాక కూడా, ఆ దగ్గరలో ఇల్లు కొనుక్కోవడం గగనమైంది. అమ్మేవాళ్లు లేరు, అప్పిచ్చేవాళ్లు అంతకన్నా లేరు.

లోపం కూడా చెప్పాలి. చివరి మూడో వంతు కమిటీలు, పర్యటనలు, సన్మానాలతో నిండిపోయింది. ఆయన స్వరం అక్కడ సభాధ్యక్షుడిదిలా మారిపోతుంది. అయితే 1995 నాటి ఘట్టం వదలకండి. మర్నాడు అధ్యక్షుడు క్లింటన్ చేతి మీదుగా దేశపు అత్యున్నత పౌర పతకం అందుకోవాలి. ముందు రోజు రాత్రి వాషింగ్టన్‌లో తాను సభ్యుడిగా ఉన్న క్లబ్బులో మిత్రులకు విందు ఇచ్చారు. ఒక తెల్లావిడ ఆయన్ను పనివాడనుకుని, కోట్లు దాచే చోట ఇచ్చే టోకెన్ అందించి, తన కోటు తెచ్చిపెట్టమంది. అప్పటికి ఆయన వయసు 80. ఆయన రాసిన నల్లజాతీయుల చరిత్ర అప్పటికి దాదాపు యాభై ఏళ్లుగా కళాశాలల్లో పాఠ్యగ్రంథం.

కళాశాల గ్రంథాలయాలకు పుస్తకాలు కొనే బాధ్యత మీదైతే ఈసారి జాబితాలో దీన్ని చేర్చండి. బ్రూక్లిన్ దాకా ఉన్న భాగాన్నయినా తెలుగులో వేయడానికి ముందుకొచ్చే ప్రచురణకర్త ఉంటే, అనువాదం చేయడానికి నేను సిద్ధం.