యాప్‌లో అరవై శాతం, స్థలంలో రెండో స్లాబే లేదు: దూరంగా ఉండి ఇల్లు కట్టించుకునేవారికి హెచ్చరిక

వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ సొంత ఊళ్లో ఇల్లు కట్టించుకుంటున్నవారు, ముఖ్యంగా ప్రతి గంట పనినీ ఫోన్‌లో చూపిస్తామన్న ప్రకటన చూసి ఒప్పందం మీద సంతకం పెట్టబోతున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. వ్యవహారం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లబోతున్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. విజయవాడ చుట్టుపక్కల కట్టించుకుంటున్నవారికి అది ఏ సంస్థో పేరు చెప్పకపోయినా తెలిసిపోతుంది.

నేను ఉండేది బెంగళూరులో. పోరంకి దగ్గరున్న మా స్థలంలో అమ్మానాన్నల కోసం కింద ఒక వాటా, పైన ఒక వాటా కట్టే పనిని సామానుతో సహా చదరపు అడుగు లెక్కన ఈ సంస్థకు అప్పగించాము. రేటు ఎక్కువైనా వీరి దగ్గరికే వెళ్లడానికి ఏకైక కారణం వారి యాప్. పనుల క్రమాన్ని రంగుల గీతలతో చూపే గాంట్ చార్టు, కూలీల పనిగంటల నమోదు, రోజువారీ ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. చెల్లింపులు కూడా యాప్‌లో కనిపించే పురోగతి శాతాన్ని బట్టే జరగాలని ఒప్పందంలో రాశారు.

అరవై శాతం పూర్తయిందనీ తరువాతి వాయిదా వెంటనే పంపమనీ సందేశం వచ్చింది. చార్టులో రెండో స్లాబ్ గీత మొత్తం ఆకుపచ్చగా, పక్కన వంద శాతం అని కనిపిస్తోంది. అదే రోజు నాన్న స్థలం దగ్గరికి వెళ్లి చూసి, "సెంట్రింగ్ కొట్టారు గానీ ఇంకా ఇనుము కూడా కట్టలేదురా" అని ఫోన్ చేశారు. సెంట్రింగ్ అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా కింది నుంచి మోసే రేకులు, ఊతకర్రలు. సంస్థను అడిగితే పెద్దవారికి యాప్ చూడటం తెలియదనీ, అనవసరంగా కంగారు పడుతున్నారనీ సమాధానం ఇచ్చారు. అందుకని నేనే బయలుదేరి నిన్న అక్కడికి వెళ్లాను. నాన్న చెప్పినదే నిజం. సెంట్రింగ్ రేకుల మీద కడ్డీ ఒక్కటి లేదు, కాంక్రీటు మాట దేవుడెరుగు.

తరువాత జరిగినదాని గురించే నేను ఇదంతా రాస్తున్నాను. పోయని స్లాబ్‌కు వంద శాతం ఎలా వేశారని అడిగితే, అక్కడి ప్రాజెక్టు మేనేజరు సిమెంటు బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టి తెరిచి, ఆ గడిలో వంద కొట్టేసి సున్నా వేశాడు. ముగింపు తేదీ దాటిపోయింది కాబట్టి గీత వెంటనే ఎర్రబడింది. అతను ఏమాత్రం తడబడకుండా మౌసుతో ఆ గీత కుడి చివర పట్టుకుని వచ్చే నెలలోకి లాగాడు. గీత మళ్లీ ఆకుపచ్చ అయింది. "చూడండి సార్, ఇప్పుడు ఆలస్యం లేదు" అన్నాడు. అన్ని వారాల ఆలస్యం మా కళ్లముందే, చేయి తిప్పినంత సేపట్లో, కాగితం మీద నుంచి మాయమైంది. దాని కింద గీత మీద 'సెంట్రింగ్ విప్పడం' అని ఉంది. స్లాబ్ పోసే తేదీ వచ్చే నెలకు వెనక్కి జరిగినా దాని తేదీ మాత్రం కదలలేదు, వచ్చే సోమవారమే చూపిస్తోంది. పక్కనే నిలబడ్డ నాన్న ఎంతో మర్యాదగా, "పోయని స్లాబ్‌కి సెంట్రింగ్ ఎట్లా విప్పుతారండీ?" అని అడిగారు. అతను తల ఎత్తకుండానే, "మీకు ఇవన్నీ అర్థం కావు పెద్దాయనా, డబ్బు పంపిస్తే పని అదే జరుగుతుంది" అన్నాడు. జీవితమంతా దాచుకున్న డబ్బులో సగం ఆ ఇంట్లో పెట్టిన మనిషితో అన్న మాట అది. నాన్న ఇంకేమీ అడగలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆ సోమవారం తేదీ చిన్న పొరపాటు కాదు. నిజమైన చార్టులో పనులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇనుము కట్టడం వెనక్కి వెళితే కాంక్రీటు, కాంక్రీటు వెనక్కి వెళితే క్యూరింగు (పోసిన కాంక్రీటు గట్టిపడేందుకు నీళ్లతో తడిపి ఉంచడం), దానితోపాటు సెంట్రింగ్ విప్పే తేదీ వాటంతటవే వెనక్కి జరగాలి. మా చార్టులో ఏ గీతకు ఏ గీతతోనూ ముడి లేదు. అంటే అది ప్రణాళిక కాదు, రంగులు వేసిన బొమ్మ. దీనివల్ల డబ్బు పోవడం ఒక్కటే కాదు, ప్రాణాలకూ ముప్పే. కాంక్రీటు పనికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు పరిస్థితుల్లో సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు, గోడలు లేదా దూలాల మధ్య దూరం (స్పాన్) 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్ కింది ఊతలను కనీసం 7 రోజులు, అంతకు మించితే కనీసం 14 రోజులు ఉంచాలి. చార్టులో పోయిన రోజులను పూడ్చుకోవాలనుకునే మనిషి ముందుగా కోత పెట్టేది ఈ రోజులకే.

గాంట్ చార్టుకు పేరిచ్చిన అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ 1910ల ప్రాంతంలో దాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన పనికి. అనుకున్న పని, జరిగిన పని పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ వెనకబడ్డామో దాచడానికి వీలుండదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో మొదటి రోజు ప్రణాళికను బేస్‌లైన్‌గా భద్రపరిచే సదుపాయం అందుకే ఉంది. తేదీలు తరువాత ఎన్నిసార్లు మార్చినా మొదటి గీత నీడలా కింద కనిపిస్తూనే ఉంటుంది. మా యాప్‌లో దాన్ని అసలు భద్రపరచలేదు. ఆ శాతం లెక్క కూడా తెలుసుకోవలసిన విషయమే. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి వాటిలో మామూలుగా కనిపించే శాతం గడిచిన కాలాన్ని బట్టి లెక్కవుతుంది, దాన్ని చేత్తోనూ మార్చవచ్చు. జరిగిన పనిని కొలిచి వేసే శాతానికి వేరే గడి ఉంటుంది. గోడ ఎన్ని ఘనపు మీటర్లు లేచింది, కాంక్రీటు ఎంత పడింది అని ఎవరూ కొలవకుండా వేసే అరవై, బిల్లు కోసం పుట్టిన అరవై.

రాత్రి కూర్చుని పనిగంటల నమోదు మొత్తం తిరగేశాను. కనుమ నాడు పద్నాలుగు మంది ఎనిమిదేసి గంటలు పనిచేసినట్టు ఉంది. కృష్ణా జిల్లాలో కనుమ నాడు ఏ మేస్త్రీ తాపీ పడతాడో వారే చెప్పాలి. అందరి హాజరూ సూపర్‌వైజరు ఒక్క ఫోన్ నుంచే పడింది. మొదటి స్లాబ్‌కు మడులు కట్టి నీళ్లు నిలిపినట్టు పెట్టిన ఫోటోలో వెనుక నీలం అద్దాల అపార్ట్‌మెంటు ఒకటి కనిపిస్తోంది. మా వీధిలో, ఆ చుట్టుపక్కల అలాంటి భవనమే లేదు. అయినా ఫోటో అడుగున మా స్థలం అక్షాంశ రేఖాంశాలు ముద్రించి ఉన్నాయి. అవి ఫోటో మీద రాసిన అక్షరాలు మాత్రమే, ఎవరైనా ఎక్కడివైనా రాయవచ్చు. అసలు క్యూరింగ్ చేశారో లేదో ఇప్పుడు ఆ స్లాబ్‌ను పరీక్షించిన ఇంజనీరు చెబితే గానీ మాకు తెలియదు.

అపార్ట్‌మెంటు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కొంత అండగా ఉంటుంది. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన పనిమేరకే తీయాలి. సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టించుకునే మనకు ఆ కాపలా లేదు. అందువల్ల ఆ కాపలాను ఒప్పందంలో మనమే రాయించుకోవాలి. చెల్లింపులను శాతాలకు కాక కంటికి కనిపించే దశలకు, అంటే ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద వేసే దూలం), ఒక్కో స్లాబ్, గోడలు, ప్లాస్టరింగు వంటి వాటికి ముడిపెట్టించండి. ప్రతి దశలోనూ సంస్థతో సంబంధం లేని ఇంజనీరు వచ్చి కొలిచి సంతకం పెట్టాకే డబ్బు కదలాలి. మొదటి రోజు చార్టును ముద్రించి ఇద్దరూ సంతకాలు చేసి దగ్గర పెట్టుకోండి. ఫోటోలను అసలు ఫైళ్లుగా అడగండి, ఎందుకంటే మామూలుగా వాట్సాప్‌లో ఫోటోగా పంపితే తీసిన సమయం, స్థలం వివరాలు పోతాయి.

గృహ నిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్‌లో, వివాదం తలెత్తిన 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇదే సంస్థతో పని నడుస్తున్నవారు మాత్రం గొడవ మొదలుపెట్టకముందే చార్టు, గంటల నమోదు, ఫోటోలు అన్నీ దింపుకోండి. నేను రాత్రే దింపుకున్నాను, ఈ ఉదయం నుంచి నా లాగిన్ పనిచేయడం లేదు.